దసరాకు తుడిచిన స్టీలు

ఇది ముందే రాయకపోవడానికి కారణం చిన్నదే. నాకు రాయడం వచ్చేది కాదు. యాభై రెండేళ్ళు వచ్చేదాకా రాలేదు. అక్షరాలు వచ్చిన తర్వాత కూడా చాలా రోజులు రాయలేదు, ఎందుకంటే ఎవరి గురించి రాయాలో ఆ మనిషి రోజూ నా కళ్ళ ముందే మాస్కు దించుకుని వెల్డింగ్ చేస్తుండేవాడు. పోయిన చలికాలం ఆయన పని మానేసి బెల్లంపల్లిలో బిడ్డ దగ్గరికి వెళ్ళిపోయాడు. ఇప్పుడు రాస్తున్నాను.

మాది కమాన్‌పూర్ దగ్గర ఊరు. బడి ఉండేది, నేనే పోలేదు. పెళ్ళయినాక గోదావరిఖని వచ్చాను. మా ఆయన బొగ్గుబాయిలో పనిచేసేవాడు. డ్యూటీ దిగి స్నానం చేసి, చాయ్ తాగుతూ పేపరు మొత్తం పైకి చదివేవాడు. ఎక్కడ వానలు పడ్డాయో, ఎవరు గెలిచారో, బంగారం ఎంత పెరిగిందో అన్నీ ఆయన గొంతులోనే నాకు తెలిసేవి. మందుల చీటీ ఆయనే చదివేవాడు, కరెంటు బిల్లు ఆయనే చదివేవాడు. ఇంట్లో ఒకరికి చదువుంటే చాలనుకున్నాం. ఆ ఒకరు పోతే ఎట్లా అని ఇద్దరమూ అనుకోలేదు.

రిటైరైన రెండో ఏడు ఆయన దవాఖానలో పోయాడు. మాకు పిల్లలు లేరు. క్వార్టరు అప్పటికే ఖాళీ చేసి, సందులో ఒక గది కిరాయికి తీసుకున్నాం. పింఛను వస్తుంది, తిండికి లోటు లేదు. కానీ పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునేదాకా ఒక్క మాట కూడా నా నోట్లోంచి బయటికి రాని రోజులు ఉండేవి. అట్లాంటి రోజు సాయంత్రం కూరగాయల మార్కెట్టుకు పోయేదాన్ని. వంకాయలు అవసరం ఉండి కాదు. "ఎంత కావాలె అవ్వా?" అని ఎవరో ఒకరు అడుగుతారు కదా, అందుకు.

ఆ షెడ్డులో పనికి కూడా అందుకే పోయాను.

రామగుండం పోయే రోడ్డు పక్కన రేకుల షెడ్డు. మొదట్లో అక్కడ గనులకు కావలసిన ఇనుప పని చేసేవారు. నేను చేరిన ఏడాదే ఓనరు సారు కొత్త పని ఒకటి ఒప్పుకున్నాడు. కాకినాడ దిక్కు సముద్రంలో గ్యాసు తీసే చోట, నీళ్ళ మీద ఇనుప ఊరు లాంటిది నిలబెడతారట. దానికి రెయిలింగులు, నిచ్చెనలు, ఇంకా లోపలి గదుల్లో వైర్లు మోసే స్టాండ్లు కావాలి. అన్నీ స్టెయిన్‌లెస్ స్టీలు యాంగిళ్ళతో, చానళ్ళతో చెయ్యాలి. బొగ్గు ఊర్లో కూర్చుని సముద్రానికి మెట్లు కట్టడం అన్నమాట. మాలో సముద్రం చూసినవాడు ఒక్కడే, వెల్డర్.

ఆయన్ని అందరూ భాయ్ అనేవారు. నేనూ అట్లాగే అనేదాన్ని. ఆయన నన్ను చెల్లె అనేవాడు. గల్ఫ్‌లో చాలా ఏళ్ళు చమురు తీసే చోట్ల వెల్డింగ్ చేసి వచ్చాడు. ఇంట్లో దక్కనీ మాట్లాడేవాడు, మాతో మా తెలుగే. మూడో మనిషి ఫిట్టర్, ముప్ఫై ఏళ్ళవాడు, కొలతలు పెట్టి కోసి అతికించడానికి సిద్ధం చేసేవాడు. నన్ను అక్కా అనేవాడు.

నా పని తుడవడం, కప్పడం, సర్దడం. మాటలో చిన్నగా ఉంది కానీ ఆ స్టీలుకు అదే పెద్ద పని. షెడ్డులో సగానికి టార్పాలిన్ గోడ కట్టారు. ఇవతల ఇనుము, అవతల స్టీలు. ఇనుము రుద్దిన బ్రష్షు స్టీలుకు తగలకూడదు. ఇనుము కోసినప్పుడు లేచే రజను స్టీలు మీద పడకూడదు. పడితే ఆ చుక్క తుప్పు పట్టి స్టీలును కూడా తినడం మొదలుపెడుతుంది. అటు మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ పడితే మా రేకులు దడదడమని ఊగి, మీద పేరుకున్న నల్లదుమ్మంతా కిందికి రాలేది. నేను గుడ్డలు పట్టుకుని ఉరికేదాన్ని. వెల్డింగ్ అయినచోట నల్లబడితే చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుని ఆసిడ్ పేస్టు రాసి, కాసేపు ఉంచి, నీళ్ళతో కడిగేదాన్ని. అప్పుడు అతుకు వెండిలా తేలేది.

మధ్యాహ్నం గోడ పక్కన ఒక పాత చెక్కబల్ల మీద భాయ్, నేను కూర్చుని తినేవాళ్ళం. ఫిట్టర్ ఎదురుగా గ్యాసు సిలిండర్ మీద కూర్చునేవాడు. రోజు మొత్తంలో నేను మాట్లాడే మాటలన్నీ ఆ అరగంటలోనే.

"చెల్లె, నీ పచ్చిపులుసుల ఆసిడ్ పేస్టు కలిపినవా ఏంది? నాలుక తెల్లగైతున్నది," అనేవాడు భాయ్.

"మంచిదే గద భాయ్. ఉప్పుగాలి తగిలినా తుప్పు పట్టదు," అనేదాన్ని.

ఫిట్టర్ నవ్వేవాడు. "అక్కా, ఉప్పుగాలి అన్నవు, అయిపోయింది. ఇగ భాయ్ గల్ఫ్ మొదలైతది. రెండు గంటలు కరెంటు పోయినా ఎవలికీ తెల్వది."

నిజంగానే మొదలయ్యేది. నాకు కావలసింది అదే. ఆయన చెప్తుంటే పేపరు చదివే గొంతు మళ్ళీ వింటున్నట్టు ఉండేది.

మామూలు ఇనుము సముద్రం మీద ఎందుకు పనికిరాదో ఆయనే చెప్పాడు. పనికిరాదని కాదు, దానికి ఎప్పుడూ రంగు వేస్తూనే ఉండాలి. నడి సముద్రంలో గాలికి వేలాడుతూ రంగు వేసేవాడు ఎవడు? స్టీలుకు రంగు అక్కర్లేదు. మంటలో కూడా ఇనుముకంటే ఎక్కువసేపు తన బలం పోగొట్టుకోకుండా నిలబడుతుంది. "కని స్టీలంటే అన్నిటికి పనికొస్తదనుకోకు," అనేవాడు. "వేడి, ఉప్పు, గుంజుడు, మూడు ఒక్క దగ్గర కలిసినయంటె స్టీలు గూడ పగులుతది. పైకి మెరుస్తనే ఉంటది, లోపల చీలిపోతది. ఎక్కడ ఏది పెట్టాల్నో తెల్వాలె."

మా దగ్గరికి వచ్చిన యాంగిళ్ళలోనే రెండు రకాలు ఉండేవి. ఒకటి త్రీ నాట్ ఫోర్, లోపలి గదుల్లో స్టాండ్లకు. రెండోది త్రీ సిక్స్‌టీన్. అందులో మాలిబ్డినం అని ఇంకో లోహం కొంచెం కలుపుతారట, ఉప్పుకు తట్టుకోవడానికి. బయట గాలిలో ఉండే రెయిలింగు కాళ్ళకు అదే వాడాలి. "రెండు అక్కచెల్లెండ్ల లెక్కుంటయి," అన్నాడు భాయ్. "రంగు ఒక్కటే, బరువు ఒక్కటే. అయస్కాంతం రెంటికీ అంటదు. రాత చూస్తె తప్ప తెల్వది."

రాత అంటే ప్రతి యాంగిల్ మీద పొడుగునా నల్ల సిరాతో అచ్చు గుద్ది ఉండేది. అంకెలు కొన్ని నాకూ తెలుసు, నోట్ల మీదివి, బస్సుల మీదివి. కానీ అది మూరెడు పొడుగు చీమల బారు. అందులో ఎక్కడ చూడాలో, ఏది ముఖ్యమో నాకు తెలియదు. నేను చోటును బట్టి గుర్తుపెట్టుకున్నాను. గోడ దిక్కు కుప్ప ఒకటి, తలుపు దిక్కు కుప్ప ఒకటి. భాయ్ "చెల్లె, గది ఏ రకమో చూసి చెప్పు" అని అరిస్తే, నేను దగ్గరికి పోయి కొంచెం వంగి చూసినట్టు చేసి, అది ఏ కుప్పలోదో దాన్ని బట్టి చెప్పేదాన్ని. ఎప్పుడూ తప్పలేదు. నాకు చదువు రాదని అక్కడ ఎవరికీ తెలియదు. జీతం కాగితం మీద పేరు గీయడం మా ఆయన ఎప్పుడో నేర్పాడు, బొమ్మ గీసినట్టు గీసేదాన్ని.

దసరా వచ్చింది. మా దిక్కు దసరా అంటే బాయి మీద, షెడ్డులో, మెకానిక్ దుకాణంలో ప్రతి మిషన్‌కూ పూజ చేస్తారు. ముందురోజు అన్నీ కడగాలి. మగవాళ్ళు మిషన్లు, మోటార్లు చూసుకుంటే, స్టీలు దిక్కు నాకు అప్పగించారు. నేను ఒక్కదాన్నే రెండు పూటలూ కష్టపడ్డాను. కుప్పలు రెండూ విప్పి, అడుగున ఊడ్చి, ఒక్కొక్క యాంగిల్‌ను, రంగులు కరిగించే థిన్నర్‌లో ముంచిన గుడ్డతో తుడిచాను. బొగ్గుదుమ్ము పోయింది. దానితోపాటు ఆ నల్ల రాత కూడా పోయింది.

పోతుంటే చూశాను. చూసే తుడిచాను. కొత్త గిన్నె తెచ్చుకుంటే మనం మొదట చేసే పని ఏమిటి? దాని మీది స్టిక్కరు గీకేస్తాం. జిగురు కూడా మిగలకుండా కొబ్బరినూనె పెట్టి రుద్దుతాం. అప్పుడే అది మన గిన్నె. నాకు ఆ రాత కంపెనీవాడి స్టిక్కరులాగే అనిపించింది. చోటు నాకు తెలుసు కదా, రాతతో పనేముంది అనుకున్నాను. తర్వాత అందంగా ఉండాలని పొడుగువన్నీ గోడ దిక్కు, పొట్టివన్నీ తలుపు దిక్కు మెట్లలా పేర్చాను. చోటు కూడా అట్లా పోయింది. చేతులు ఆ పని చేస్తుంటే బుద్ధి ఎక్కడ ఉందో ఇప్పటికీ చెప్పలేను. పండుగ పనిలో ఉంది. చాలా రోజుల తర్వాత నాకు ఒక పండుగ దొరికింది.

దసరా రోజు ప్రతి యాంగిల్ కొసకూ పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టాను. ఓనరు సారు వచ్చి చూసి అన్నాడు, "ఏమమ్మా, షెడ్డును పెండ్లిపిల్లను చేసినవు గద!" సాయంత్రం జమ్మి ఆకు పంచుకున్నాం. భాయ్ చేతిలో ఆకు పెట్టి "బంగారం భాయ్" అన్నాను. ఆయన ఆకును జేబులో పెట్టుకుని, మెరుస్తున్న కుప్పల దిక్కు చూపించి, "మన బంగారం గది, చెల్లె" అన్నాడు. ఆ రాత్రి గదికి పోయి తలుపు తీస్తే చీకటి కూడా కొంచెం తక్కువగా అనిపించింది.

సెలవుల తర్వాత పని మొదలుపెట్టిన రోజు భాయ్ ఒక యాంగిల్ తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇంకొకటి తీశాడు. ఇంకొకటి.

"రాత ఏమైంది?"

ఫిట్టర్ వచ్చి చూశాడు. "కడిగిన్రు గద పండుగకు."

"కడిగితె పోయే రాత గాదు ఇది."

ఓనరు సారు కూడా వచ్చాడు. లారీ ఎప్పుడు పంపాలో పైనుంచి రోజూ అడుగుతున్నారు, ఆయన తొందర ఆయనది. "రాత పోతె పోయింది, కుప్పలైతె ఉన్నయి గద," అని నా దిక్కు తిరిగాడు. "రోజు సర్దేది నువ్వే. చెప్పమ్మా, త్రీ సిక్స్‌టీన్ ఏ దిక్కున్నది?"

ముగ్గురు మగవాళ్ళు పని ఆపి నా మాట కోసం నిలబడటం నా బతుకులో అదే మొదటిసారి. నాకు తెలియదు అంటే సరిపోయేది. కానీ ఆ మాట వెనకాల ఇంకో మాట ఉంది. ఎందుకు తెలియదు అని అడుగుతారు. అప్పుడు చదువు రాదని చెప్పాలి. ఇన్నాళ్ళు చూసినట్టు నటించానని చెప్పాలి. రేపటినుంచి నన్ను రమ్మంటారో వద్దంటారో. వద్దంటే మళ్ళీ ఆ గది, ఆ మార్కెట్టు, ఆ వంకాయలు.

"గోడ దిక్కువి," అన్నాను.

"తుడిచేముందు చూసినవా?" అని భాయ్ అడిగాడు.

"చూసిన."

ఆయన మొహం తేటపడింది. "అయితె ఫికర్ లేదు. చెల్లె చూసిందంటె చూసినట్టే."

ఆ వారమంతా గోడ దిక్కు యాంగిళ్ళు కోసి రెయిలింగు కాళ్ళు చేశారు. భాయ్ ఒక్కొక్క అతుకూ వేస్తుంటే నేను పేస్టు రాసి కడిగాను. అన్నీ ఒకేలా మెరిశాయి. బల్ల మీద అన్నం నాకు దిగేది కాదు. ఆయన గమనించి, "ఏంది చెల్లె, ఉపాసమా?" అన్నాడు.

శనివారం మధ్యాహ్నం ఫిట్టర్ ఏదో మాటకు, "రెండు రకాలల్ల అంత తేడా ఏముంటది భాయ్, రెండు స్టీలే గద," అన్నాడు.

భాయ్ తినడం ఆపాడు. "ఉంటది. గల్ఫ్‌ల ఒక చోట ఎవలో తక్కువ రకం పెట్టిన్రు. రెయిలింగు కాలు అడుగున, పలక మీద అతికిన చోట, ఉప్పు నీళ్ళు ఆగినయి. పైనంత మెరుస్తనే ఉండె. అడుగున చిన్న చిన్న బొక్కలు పడి తినేసింది. కేరళ పోరడొకడు డ్యూటీ దిగి సిగరెట్టు ముట్టిద్దామని ఆ రెయిలింగుకు ఆనుకున్నడు." అక్కడ ఆగి బాక్సు మూత పెట్టాడు. "అంతే."

ఆ తర్వాతి రోజు ఆదివారం. షెడ్డు లేదు. పొద్దటినుంచి గదిలోనే ఉన్నాను. మధ్యాహ్నం నీళ్ళు తాగుదామని మా ఆయన గ్లాసు తీసుకున్నాను. స్టీలు గ్లాసు. మా పెళ్ళినాటిది. దాని అంచు కింద చుక్కలు చుక్కలుగా పేరు కొట్టించి ఉంటుంది, మనవాళ్ళు అందరి గిన్నెల మీదా కొట్టిస్తారు కదా, అట్లా. ఆయన పేరు. నేను చదవలేను, కానీ వేలితో తడిమితే తెలుస్తుంది. ఇరవై ఎనిమిదేళ్ళు తోమాను, ఆ చుక్కలు అరిగిపోకుండా ఆ చోట పీచు మెల్లగా తిప్పేదాన్ని. ఆ రోజు వేలు అక్కడ ఆగిపోయింది. స్టిక్కరుకూ పేరుకూ తేడా నాకు తెలుసు. స్టిక్కరు అనుకుని షెడ్డులో నేను తుడిచింది వాటి పేర్లు.

గ్లాసు పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఎవరికైనా చెప్పాలి. చెప్పుకునే మనిషి ఈ ఊర్లో ఒక్కడే ఉన్నాడు, ఆయనకు చెప్తే ఆ ఒక్కడూ ఉండడు.

సోమవారం బల్ల మీద నా బాక్సు తెరవకముందే చెప్పాను. ఫిట్టర్ అప్పుడు బయట చాయ్‌కి పోయాడు.

"భాయ్, నేను చూడలే."

"ఏది?"

"గోడ దిక్కువి అని చెప్పిన గద. చూడలే. రాత నేనే థిన్నరుతోని తుడిచిన. కుప్పలు కలిపి మళ్ళ పొడుగును బట్టి పేర్చిన. నాకు చదువు రాదు."

ఆయన చేతిలో ఉల్లిగడ్డ ముక్క ఉంది. దాన్ని మళ్ళీ బాక్సులో పెట్టాడు.

"మరి ఇన్నొద్దులు ఎట్ల చెప్పినవు?"

"చోటును బట్టి."

"చదువు రాదని ఒక్కమాట చెప్తె నేనే చదివి చెప్తుంటి గద, చెల్లె."

"సిగ్గనిపించింది."

"చదువు రాకుంటె సిగ్గేంది? మా అమ్మకు రాదు. నేను గూడ ఎక్కువ చదివినోన్ని గాదు." లేచి నిలబడ్డాడు. గొంతు పెంచలేదు. "నాకు కోపం లేదు. భరోసా పోయింది."

పోయి ఓనరు సారుతో మాట్లాడాడు. నేను టార్పాలిన్ అవతలినుంచి విన్నాను. నా మాట ఎత్తలేదు. "నాకే అనుమానమున్నది సార్. మిషన్ తెప్పించి చూపిద్దాం. అది చూడకుండ లారీ ఎక్కిస్తె నేను సంతకం పెట్ట," అన్నాడు. సారు విసుక్కున్నాడు, ఎన్ని రోజులు ఆలస్యమవుతుందో చెప్పాడు. భాయ్ అదే మాట మళ్ళీ అన్నాడు.

గురువారం హైదరాబాద్ నుంచి ఒకాయన వచ్చాడు. ఆయన దగ్గర చిన్న తుపాకీ లాంటి మిషన్ ఉంది. దాని మూతిని స్టీలుకు ఆనించి కాసేపు పట్టుకుంటే, ఆ ముక్కలో ఏమేమి కలిసి ఉన్నాయో వెనక అద్దం మీద వస్తుంది. సరైనదైతే నీలం పెన్నుతో దాని రకం రాశాడు, కోయకుండా మిగిలిన యాంగిళ్ళ మీద కూడా. కాకపోతే ఎర్ర ఇంటూ పెట్టాడు. పన్నెండు రెయిలింగు కాళ్ళలో ఏడింటికి ఎర్ర ఇంటూ పడింది. నేను పేస్టు రాసి కడిగి వెండిలా తేల్చినవే.

ఆయన వెళ్ళిన తర్వాత ఓనరు సారు అందరి ముందూ భాయ్ మీద పడ్డాడు. "గల్ఫ్‌ల ఇన్నేండ్లు చేసిన అంటివి. రెండు రకాలు కలిపి అతుకుతవా? నీ కండ్లు కనవడ్తలేవా?"

"వెల్డింగ్ రాడ్డు పెట్టినోడే చూసుకోవాలె సార్. అది నా పని. చూసుకోలే," అన్నాడు భాయ్.

"సముద్రం మీదికి ఫిట్టింగుకు నిన్నే తోలుదామనుకున్న. ఇగ నువ్వు పోవుడు లేదు. వేరేటోన్ని చూసుకుంట."

ఆయన ఆ ప్రయాణం గురించి ఎన్ని రోజులనుంచో చెప్తున్నాడు. మళ్ళీ ఒకసారి సముద్రం చూసి, ఇక పని మానేస్తాననేవాడు. ఫిట్టర్ కళ్ళు దించుకున్నాడు. నేను గుడ్డ పట్టుకుని నాలుగడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. నోరు తెరిస్తే చాలు. తెరవలేదు. భాయ్ నా దిక్కు చూడలేదు. చూసి ఉంటే చెప్పేదాన్నేమో అని చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను. అది కూడా అబద్ధమే.

సోమవారం నుంచే ఆయన బల్ల మీద కూర్చోవడం మానేశాడు. బాక్సు తీసుకుని అటు ఇనుము దిక్కు, డ్రిల్లింగ్ మిషన్ వెనక తినేవాడు. ఆ తర్వాత ఆయన ఆ షెడ్డులో ఉన్నన్నాళ్ళూ అంతే. పని మాటలు మాట్లాడేవాడు, చెల్లె అనే పిలిచేవాడు, గేటు దగ్గర కనిపిస్తే సలామ్ చెప్పేవాడు. బల్ల మీదికి మాత్రం రాలేదు. నేను రెండు రోజులకోసారి పచ్చిపులుసు ఎక్కువ తెచ్చి, ఎక్కువైందని పారబోసేదాన్ని.

సారు భాయ్ మీద పడ్డ ఆ గురువారం సాయంత్రం ఒక్కదాన్నే నడిచి ఇంటికి పోయాను. సెకండ్ షిఫ్టు వాళ్ళ బస్సు పక్కనుంచి పోయింది. దీపం వేయకుండా కూర్చున్నాను. చేసిన తప్పు తెలియక చేశాను. చెప్పిన అబద్ధం తెలిసి చెప్పాను. ఇప్పుడు ఆయన మీద పడ్డది మాత్రం నేను నోరు మూసుకుంటే పడ్డది. మూడూ ఒకదాని మీద ఒకటి పేరుకున్నాయి. ఏది దాచుకుందామని ఇదంతా చేశానో, ఆ బల్ల మీది అరగంట ఎట్లాగూ పోయింది. ఇక దాచడానికి నా దగ్గర ఏమీ లేదు. అట్లా అనుకోగానే భయం కూడా తగ్గింది. ఒంటరితనం తగ్గలేదు.

మరుసటి రోజు పొద్దున మొదటి షిఫ్టు సైరన్ అయిన వెంటనే బయల్దేరాను. షెడ్డు ఇంకా తెరవలేదు. గేటు దగ్గర నిలబడ్డాను. ముందు ఫిట్టర్ వచ్చి తాళం తీశాడు. తర్వాత భాయ్ సైకిలు దిగి లోపలికి పోయాడు. ఓనరు సారు వచ్చి బండి స్టాండు వేస్తుండగానే మొదలుపెట్టాను, లోపలున్న ఇద్దరికీ వినిపించేట్టు.

"సారూ, కలిపింది భాయ్ గాదు. నేను. రాత తుడిచింది నేనే, కుప్పలు కలిపింది నేనే. మీరు అడిగితె చూసిన అని అబద్ధం చెప్పిన. నాకు చదువు రాదు సార్. ఒక్క అక్షరం రాదు."

సారు బండి తాళంచెవి పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. "మరి నిన్న అందరి ముందట నేను గన్ని మాటలంటుంటె?"

"నోరు రాలే."

ఆయన నన్ను చూశాడు, లోపల భాయ్‌ని చూశాడు. "నువ్వన్న చెప్పొద్దా భాయ్?" అన్నాడు. భాయ్ చేతి తొడుగులు వేసుకుంటున్నాడు. సారు నా దిక్కు తిరిగి, "పొమ్మంటె ఎక్కడికి పోతవు? పో, పని చూడు. ఈరోజు సంది ఏదీ ముట్టకముందు అడుగు," అని లోపలికి నడిచాడు. భాయ్‌ని సముద్రానికి పంపుతానని అనలేదు. అప్పటికే ఇంకొకరికి ఫోన్ చేసేశాడని తర్వాత తెలిసింది.

భాయ్ మాస్కు దించుకున్నాడు. ఎర్ర ఇంటూ పడ్డ మొదటి కాలు కోయడం మొదలైంది.

నేను నీలం రాత ఉన్న యాంగిళ్ళ దగ్గరికి పోయాను. గుడ్డ తీసుకోలేదు. ఫిట్టర్‌ను పిలిచాను. "తమ్మీ, నాకు చదువు రాదు. ఇందుట్ల నేను ఎక్కడ చూడాలె?"

వాడు ఒక్క క్షణం నా మొహం చూసి, తర్వాత వంగి వేలు పెట్టి చూపించాడు. "గిక్కడ అక్క. ఇది మూడు, ఇది ఒకటి, ఇది ఆరు. నీకు తెలుసు గద."

"తెలుసు. దాని ఎనుక ఉన్నదేంది?"

"అది ఎల్."

కొలతలు గీసే సుద్దముక్క అడిగి తీసుకున్నాను. నేల మీద కూర్చుని, దాన్ని చూస్తూ, నిలువుగా ఒక గీత గీసి, కింద అడ్డంగా ఇంకో గీత గీశాను. అందరూ అ తో మొదలుపెడతారు. నేను దీనితో మొదలుపెట్టాను. పక్కన ఇంకొకటి గీశాను. తర్వాత లేచి చీపురు తీసుకుని, ఆ రెండూ ఉన్న చోటు వదిలేసి, మిగతా షెడ్డంతా ఊడ్చాను.